మాబున్ని తొంభై కేజీలు

మా వీధిలో ఎవరు కువైట్‌కు పోతున్నా ముందు మా అంగడికి వస్తారు. కొనడానికి కాదు, తూకానికి. మా కాటా మీద బియ్యం మూటల కంటే సూట్‌కేసులే ఎక్కువ ఎక్కి దిగి ఉంటాయి. ప్రొద్దుటూరులో బంగారం తూచే కాటాలకు కొదవ లేదు గానీ, సూట్‌కేసు పట్టే కాటా మా మసీదు వెనక వీధిలో నాదొక్కటే. తూచినందుకు రూపాయి తీసుకోను. నోరు మాత్రం ఊరుకోదు, నాలుగు మాటలు అని పంపిస్తాను. సుశీలమ్మ దగ్గర తూకమూ ఉచితమే, తిట్లూ ఉచితమే అని వీధిలో నాకు పేరు.

ఆ కాటా పుణ్యాన నాకు దగ్గరైన మనిషి మాబున్ని. ఎదురింటి ఖైరున్నీసా కోడలు. పుట్టిల్లు రాజుపాలెం. భర్త జహీర్ పెళ్లయిన ఏడాదికే కువైట్ పోయాడు, అక్కడొక కంపెనీలో బండ్లకు ఏసీలు బాగుచేస్తాడు. రెండేళ్లకోసారి నెల సెలవు మీద వస్తాడు. ఆ నెలలో సగం చుట్టాలిళ్లలో దావత్‌లకు పోతుంది, మిగతా సగం తిరిగి పోయే బ్యాగు సర్దుకోవడానికి పోతుంది. కూతురు మహీన్‌కు తొమ్మిదేళ్లు, కొడుకు జాఫర్‌కు ఐదు. జాఫర్‌కు నాన్నంటే ఫోనులో కనబడే మనిషి. మాబున్ని మగ్గం పని చేస్తుంది. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లకు జరీ, పూసలు కుట్టి కుట్టి మెడ వంగిపోయింది. ఎవరేం అడిగినా కాదనదు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అన్నారు పెద్దలు, మా వీధి ఆ మాట తప్పలేదు.

మొన్న ఎండాకాలం ఒకరోజు మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేని సమయం చూసి వచ్చింది. ముఖంలో ఎప్పుడూ లేని వెలుగు.

"అక్కా, జమ్మలమడుగు రోడ్డులో ఒక షెడ్డు ఖాళీ అయింది. బాడిగ తక్కువే. ఆయన వచ్చేస్తే ఆడ కార్ల ఏసీల పని పెట్టుకోవచ్చు. ఈ ఎండలకు మన ఊర్లో ఏసీల పనికి కొదవా?"

"మంచి మాటే కదా, ఫోన్ చేసి చెప్పు మరి."

"చెప్తే చూద్దాంలే అంటాడు. ఆయన రూములో ఆరుగురు ఉండారు. ఈడ జూస్తే మా అత్త చెవి ఫోనుకే అంటుకొని ఉంటాది. ఇద్దరం ఒంటిగా మాట్లాడి ఎన్నేండ్లయిందో. అందుకే నేనే పోతాండా అక్కా. పిల్లల బడి సెలవుల్లో ఇరవై రోజులకు వీసా తీస్తానన్నాడు. ముఖం చూసి అడుగుతా, ఇంగ చాలు ఇంటికి రమ్మని. ముఖం చూస్తే కాదనడు."

షెడ్డు ఆయన వచ్చే నెలాఖరు దాకా ఆగుతానన్నాడట. ఈలోపు పోయి, అడిగి, ఒప్పించి రావాలి. ఎందుకు పోతోందో అత్తకు చెప్పలేదు, వీధికి అసలే చెప్పలేదు. నాకొక్కదానికే తెలుసు.

టికెట్లు కొనడంలో ఆమె పడిన పాట్లు చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. చెన్నై నుంచి పోతే ఎంత, హైదరాబాద్ నుంచి పోతే ఎంత, మంగళవారం ఎంత, శుక్రవారం ఎంత అని రోజూ మగ్గం పక్కన ఫోను పెట్టుకొని చూసేది. చివరికి చెన్నై నుంచి ఒక విమానంలో అన్నిటికంటే తక్కువ రేటు దొరికింది. అందులో తిండి లేదు, కూర్చునే సీటు మనం ఎంచుకుంటే దానికి వేరే డబ్బు, సామాను మనిషికి పదిహేను కేజీలే. మామూలుగా మా వీధివాళ్లు ముప్పై కేజీల టికెట్టు తీసుకుంటారు. ఈమె లెక్క వేరు. నాకు నాలుగు చీరలు, పిల్లలకు బట్టలు, ఆయనకు ఊరగాయ, ఇంతకు మించి ఏముంది అనుకుంది. టికెట్లలో మిగిలిన డబ్బు షెడ్డు అడ్వాన్సుకు పక్కన పెట్టింది. తెలివైన పనే. కానీ ఆ తెలివి వీధికి ముందుగా చెప్పి ఉండాల్సింది.

మా వీధి లెక్క ఇట్లా ఉంటుంది. పెద్దలకు ముప్పై కేజీలైతే పిల్లలకూ ముప్పై. పిల్లలకు సామాను ఏముంటుంది? కాబట్టి పిల్లల కేజీలు వీధివి. పసిబిడ్డతో పోయే తల్లి కంటే అయిదేళ్ల పిల్లోణ్ని తీసుకొని పోయే తల్లి అంటే మా వాళ్లకు ఎక్కువ ముద్దు, ఎందుకంటే ఆ పిల్లోడికి టికెట్టు ఉంటుంది. మాబున్ని ఇద్దరు పిల్లలతో పోతోందని తెలియగానే తొంభై కేజీలు అని వీధంతా పాకిపోయింది. ఆమె మైదుకూరులో పెళ్లి జాకెట్లు ఇచ్చి సాయంత్రం తిరిగొచ్చే లోపల వసారా నిండా పొట్లాలు. కారంపొడి, చింతపండు, రాగిపిండి, శెనక్కాయల పొడి, నిప్పట్లు, ఒకరికి మోకాళ్ల నొప్పుల తైలం, ఒకరికి పెళ్లి ఆల్బం. ఒక్కోదానికి గుడ్డ చుట్టి, మీద పేరు రాసి, సూదితో కుట్టేసి ఉంది. అన్నీ ఖైరున్నీసా నవ్వుతూ పుచ్చుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ కోడలి కేజీలు అత్త దానం చేసింది.

ఆ పొట్లాలను తిరిగి ఇవ్వడానికి లేదు. గుమ్మం దాటి లోపలికి వచ్చిన పొట్లం అమానత్ అంటారు మాబున్ని వాళ్లు. నమ్మి అప్పజెప్పింది అని అర్థం. తిప్పి పంపితే ఆ ఇంటితో మాటలు తెగిపోయినట్టే. పైగా ఇన్నేళ్లూ జహీర్‌కు మాబున్ని పంపిన ఊరగాయ, కజ్జికాయలు, చలికాలానికి కుట్టిన రగ్గు, అన్నీ ఇదే వీధివాళ్ల సూట్‌కేసుల్లో పోయాయి. ఎవరూ ఏనాడూ కాదనలేదు. ఇప్పుడు తన వంతు వస్తే నాకు పదిహేను కేజీలే అని ఏ నోటితో చెప్పాలి? చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారు? దాచుకుంటోంది అంటారు.

తూకం రోజు మా అంగడి ముందు పెళ్లిలాగే ఉంది. పొట్లాలన్నీ పెడితే కాటా ఎనభై దాటింది. అందులో మాబున్ని సామాను ఇంకా పెట్టనే లేదు. ఆమె పక్కకు పోయి ఫోనులో అదనపు కేజీలు కొనింది. విమానాశ్రయంలో కడితే కేజీకి మూడింతలట, ముందుగా కొంటే తక్కువట. ఆ తక్కువే షెడ్డుకు దాచినదాన్ని చాలావరకు మింగింది. నలభై కేజీలు కొన్నాక కూడా, ఆమె సామానుతో కలిపితే ఇంకా ఎక్కువే ఉంది.

అప్పుడే శివమ్మ ఒక గోనెసంచి చంకన పెట్టుకొని వచ్చింది. శివమ్మ చెల్లెలు కువైట్‌లో ఒక షేకు ఇంట్లో పని చేస్తుంది.

"మాబున్నీ, ఇంతే. బొరుగులు. మా చెల్లి శానా రోజుల నుంచి అడుగుతాండాది. బొరుగులకు బరువేముంటాది?"

నాకు ఒళ్లు మండింది. "బరువు ల్యాకపోతే నువ్వే ఎగరేసి పంపు శివమ్మా. ఆ సంచి పట్టాలంటే దానికే ఒక సీటు కొనాల. ఆ పిల్లకు కట్టుకునే బట్టకు కూడా జాగా ల్యా, కండ్లు కనపడ్డంల్యా?"

"నేనేం నిన్నడిగినానా సుశీలమ్మా? మాబున్ని మాట్లాడకపోతే నీకెందుకు?"

మాబున్ని సంచి అందుకొని బొరుగులను సూట్‌కేసు సందుల్లో కూరింది. తర్వాత తన చీరలు రెండు తీసి నా గల్లాపెట్టె పక్కన పెట్టింది. తర్వాత ఇంకొకటి. పిల్లల బట్టలు సగం తీసి, "ఇవి ఒంటి మీద ఏస్తాలే అక్కా" అంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో పెద్దలు చెప్పనే చెప్పారు, ఆ సామెత నా నోటితో అనను. ప్రయాణం రోజు నడి ఎండలో చెన్నై బస్సు ఎక్కేటప్పుడు జాఫర్ ఒంటి మీద మూడు చొక్కాలు, స్వెటరు. వాడు చెమటతో ఉడికిపోతూ, "అమ్మీ, ఆడ మంచు పడతాదా?" అని అడుగుతున్నాడు.

ఆ తర్వాత జరిగింది ఆమె తిరిగొచ్చిన మర్నాడు చెప్పింది. వాళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు, నాకు చెప్పేటప్పుడు తెలుగులో చెప్పింది.

కంపెనీవాళ్లు జహీర్‌కు ఆ ఇరవై రోజులకు వేరుగా ఒక గది ఇచ్చారట. ఒక కిటికీ, ఒక మంచం, గోడకు ఏసీ. ఆ గది చూసి మాబున్ని ఎంత సంతోషపడిందో. ఇక ఎవరూ వినరు, తీరిగ్గా చెప్పొచ్చు అనుకుంది. సామాను దింపిన గంటకే తలుపు కొట్టారు. ఆ రోజు నుంచి తలుపు కొట్టని సాయంత్రం లేదు. మా పొట్లం వచ్చిందా అని ఒకరు, మా అమ్మ ఎట్లుందని ఒకరు. వచ్చినవాళ్లకు టీ పెట్టాలి. ఊరి సంగతులు చెప్పాలి. ఎవరి ఇల్లు కట్టడం ఎంతవరకు వచ్చిందో, ఎవరి బిడ్డ నడుస్తోందో చెప్పాలి.

"కోపం రాలేదా నీకు?" అన్నాను.

"వచ్చేది అక్కా. కానీ ఒకాయన ఆడనే కూర్చొని కారంపొడి పొట్లం విప్పి, ముక్కు కాడ పెట్టుకొని ఏడ్చేసినాడు. పెద్దాయన. ఇంగ వాళ్లను లేచి పొమ్మని ఎట్ల అంటా?"

జహీర్‌కు సెలవు శుక్రవారమే. మొదటి శుక్రవారం శివమ్మ చెల్లెలికి బొరుగులు ఇవ్వడానికి పోయింది. ఆమెను షేకు ఇంటి గేటు దాటనివ్వరు, అందుకని నలుగురూ బస్సులు మారి అంత దూరం పోయి గేటు సందులోంచి ఇచ్చి వచ్చారట. రెండో శుక్రవారం ఆల్బం. రాత్రి పిల్లలు పడుకున్నాక చెబుదామంటే జహీర్ వాళ్లకంటే ముందే నిద్రపోయేవాడు. తెల్లవారుజామున డ్యూటీ. నిద్ర లేపి చెప్పే మాట కాదని ఊరుకుంది. ఊళ్లో అత్తగారి ఇంట్లో గోడలకు చెవులు, అక్కడ తలుపుకు చేతులు. ఎక్కడికి పోయినా ఆమె గొంతు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు.

చివరి మూడు రోజులు తిరుగు పొట్లాల వంతు. వట్టి చేతులతో పోతోందని అక్కడివాళ్లకూ తెలుసు కదా. పాలపొడి డబ్బాలు, రగ్గులు, సబ్బులు, ఖర్జూరం, ఒకరు ఇస్త్రీపెట్టె. గది నిండా బాక్సులు, వాటికి తాళ్లు కట్టడానికి ఆరుగురు రూమ్మేట్లు. మాబున్ని మూడు సార్లు "ఇదిగో" అని పిలిచింది. మూడు సార్లూ జహీర్ తాడు పళ్లతో పట్టుకొని "ఊఁ, చెప్పు" అన్నాడు. అంతమంది ముందు ఏం చెప్తుంది?

విమానాశ్రయంలో కౌంటరు కాటా మీద బాక్సులు పెడితే బరువు ఎక్కువ వచ్చింది. డబ్బు కట్టండి, లేకపోతే తగ్గించి మళ్లీ రండి అన్నారు. ఆ కౌంటరులో కట్టే రేటుతో కొత్త ఇస్త్రీపెట్టెలు మూడు కొనొచ్చట. పిల్లలను ట్రాలీ మీద కూర్చోబెట్టి, ఇద్దరూ ఒక పక్కన నేల మీద కూర్చొని, టేపు చుట్ట పక్కన పెట్టుకొని బాక్సు విప్పారు. ఇన్ని రోజుల్లో మొదటిసారి వాళ్ల చుట్టూ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడు కాకపోతే ఇంక లేదు అనుకుంది మాబున్ని. చేతిలో పాలపొడి డబ్బా పట్టుకొనే అంది.

"నీకొక మాట చెప్పాల."

"నేనూ చెప్పాల," అన్నాడు జహీర్. "ఇల్లు చేరినాక ఫోన్లో చెప్దామనుకున్నా, ఆగలేకపోతాండా. ముందు నాది విను."

అతని ముఖం పెళ్లినాడు ఉన్నట్టే ఉందట. ఆ ముఖం చూసి నవ్వొచ్చి, సరే చెప్పు అంది.

"మీకు వీసా, ఆ రూము ఊరికే ఇచ్చినారు అనుకున్నావా? ఇంకా అయిదేండ్లు ఈడనే చేస్తానని సంతకం పెట్టినా. మధ్యలో మానేటట్టు ల్యా. దానికి బదులు ఏటా సెలవుల్లో మిమ్మల్ని పిలిపించుకునేటట్టు రాపిచ్చుకున్నా. నువ్వు వస్తానన్నావు చూడు, ఆ రోజే పెట్టేసినా. మీరు ల్యాకుండా ఇంగ నావల్ల గాదు మాబున్నీ."

ఇంతవరకు చెప్పి ఆగిపోయింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆయన్ను ఇంటికి పిలవడానికి పోతానన్న మాటే ఆయన్ను అక్కడ కట్టేసింది. ఎవరిని తిట్టాలో, ఇంత నోరు గల నాకే తెలియలేదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, "నువ్వేమన్నావు మరి?" అని అడిగాను.

"ఏమంటా అక్కా. నువ్వేందో చెప్పాలంటివే అని ఆయనే అడిగినాడు. ఏం ల్యా, ఆ టేపు ఇట్ల ఇయ్యి, లైను పెరుగుతాంది అన్నా."