ఎనిమిది దీపాలూ వెలిగిన కేబుల్

2023 వానాకాలం. సూర్యాపేటలో హైవేకు దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ నెట్‌వర్క్ పని నాదే. నా ఇల్లు మిర్యాలగూడలో. అక్కడ రైసు మిల్లులు, కోదాడలో కాలేజీలు, ఇక్కడ ఈ దవాఖాన. ఈ మూడు ఊళ్ల మధ్య బండి మీద తిరగడమే నా ఉద్యోగం. ఒకచోట పని చేస్తుంటే మనసు ఇంకోచోట ఉంటది.

ఆ యేడు జ్వరాలు విపరీతంగా వచ్చాయి. వార్డులన్నీ నిండిపోయాయి. ఆ దవాఖానలో రక్తపరీక్ష రిపోర్టు కాగితం మీద పోదు. కింద ల్యాబ్ నుంచి సర్వర్‌కు పోతది, అక్కడి నుంచి పైన వార్డులో నర్సు ముందున్న స్క్రీన్ మీద పడతది. ఆ వారం పొద్దుటిపూట రిపోర్టులు మధ్యలోనే ఆగిపోతున్నాయి.

మునగాల దగ్గర ధాబాలో రొట్టెలు చేసే సైదమ్మకు డెంగీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని ల్యాబ్‌లో తేలింది, కానీ ఆ రిపోర్టు వార్డుకు రెండు గంటలు ఆలస్యంగా చేరింది. అప్పటికి ముక్కులోంచి రక్తం మొదలైంది. హడావుడిగా హైదరాబాద్ పంపారు. నేను పోయేసరికి దవాఖానంతా ఆ మాటే.

మేనేజర్ రామకృష్ణ గారిది కోదాడ. గట్టిగా అరిచే మనిషి కాదు, కానీ ఆ రోజు ల్యాబ్ టెక్నీషియన్ ఎస్తేరును అందరి ముందే అడిగాడు. "మీరేమో పంపానంటారు, వార్డులో రాలేదంటారు. మధ్యలో గాలికి కొట్టుకుపోయిందా అండీ?"

"నేను పంపిన సార్. సెంట్ అని వడ్డది. నా కండ్లతో సూసిన."

ఆయన నమ్మలేదు. సాయంత్రానికి ఆమెకు మెమో ఇచ్చాడు. మూడు రోజుల్లో సంజాయిషీ రాయాలి.

నేను సర్వర్ తెరిచి చూశాను. సర్వర్‌కు నెట్‌వర్క్ కార్డు అని ఒకటి ఉంటది. లోపలికి వచ్చే సమాచారమంతా దాని గుండానే రావాలి. సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తది. ప్రతి ప్యాకెట్ చివర ఒక లెక్క ఉంటది. ఆ లెక్క తప్పితే, దారిలో చెడిపోయిందని కార్డు ఆ ప్యాకెట్‌ను పారేస్తది. దాన్నే సీఆర్‌సీ ఎర్రర్ అంటాం. ఆ ఎర్రర్ల కౌంటర్ వేలల్లో ఉంది. పారేసిన ప్యాకెట్ మళ్లీ మళ్లీ పంపాల్సి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ మధ్యలో చేతులెత్తేస్తోంది. ల్యాబ్ స్క్రీన్ మీద మాత్రం సెంట్ అనే చూపిస్తోంది.

"కార్డు పోయింది" అన్నాను ధీమాగా. కొత్త కార్డు వేశాను. అరగంట చూశాను, ఒక్క ఎర్రర్ లేదు. కోదాడ కాలేజీ వాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున పదింటికి రామకృష్ణ గారి ఫోన్. "మళ్లీ అదే గోల అండీ." నేను కోదాడలో పని ముగించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. స్విచ్‌లో పోర్టు మార్చాను. స్విచ్ అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె, పోర్టు అంటే అందులో కేబుల్ గుచ్చే చోటు. టెస్టర్ పెట్టి సర్వర్ కేబుల్ కూడా చూశాను. ఎనిమిది తీగలకు ఎనిమిది దీపాలు, అన్నీ వరుసగా వెలిగాయి. కేబుల్ బాగుంది, కార్డు కొత్తది, పోర్టు మారింది. ఇంకేం మిగిలింది? "సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగండి" అన్నాను. అన్నానే గానీ నాకే నమ్మకం లేదు.

బయటికి వస్తుంటే ఎస్తేరు ల్యాబ్ గుమ్మంలో నిలబడి ఉంది.

"అన్నా, నువ్వెప్పుడొచ్చినా పగటీలే వస్తవు. అప్పటికి ఓపీ ఖాళీ అయితది. పొద్దుగాల తొమ్మిదింటికి వచ్చి జర నా పక్కన కూసో. గప్పుడు సూడు."

పదిహేనేండ్లుగా ఈ పని చేస్తున్న నాకు ఆ మాట ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు మిర్యాలగూడలో ఆరున్నరకే బయల్దేరాను. మిల్లు వాళ్ల ఫోన్లు ఎత్తలేదు. తొమ్మిదింటికి ఎస్తేరు పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఓపీ చీట్లు, స్కానింగ్ బొమ్మలు, మందుల బిల్లులు అన్నీ ఒకేసారి సర్వర్ మీద పడ్డాయి. కౌంటర్ ఆగకుండా పరుగెత్తింది. సర్వర్‌కు పని పెరిగేకొద్దీ ఎర్రర్లు పెరుగుతున్నాయి. బండిలో ఉన్న కొత్త కేబుల్ తెచ్చి, కారిడార్‌లో నేల మీదే పరిచి, పాతది పీకి ఇది పెట్టాను. కౌంటర్ ఆగిపోయింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కదల్లేదు.

అంటే కేబులే. దీపాలన్నీ వెలిగిన కేబుల్.

దాని కొస కత్తిరించి కిటికీ వెలుతురులో చూశాను. కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా మెలేసి ఉంటాయి. ఒక జంట సిగ్నల్ ఇంకో జంటలోకి దూరకుండా కాపాడేది ఆ మెలికే. పచ్చ జంటలో రెండు తీగల మధ్య నీలం జంట రావాలి. ఇందులో పచ్చవి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దాంతో ఒకే సిగ్నల్ మోసే రెండు తీగలు వేర్వేరు మెలికల్లో పడ్డాయి. రెండు కొసల్లోనూ అదే తప్పు కాబట్టి టెస్టర్‌కు అంతా సరిగ్గానే కనపడింది. పాత నెమ్మది స్విచ్ ఎట్లాగో నెట్టుకొచ్చింది. ఎండాకాలంలో నేనే దాన్ని తీసి, వేగంగా పనిచేసే కొత్త స్విచ్ పెట్టాను. జ్వరాల రద్దీ వచ్చేదాకా తప్పు బయటపడలేదు.

ఆ కేబుల్ వేసిందీ నేనే. నాలుగేండ్ల కింద, దవాఖాన ప్రారంభానికి ముందురోజు, ముహూర్తం మించిపోతదని దవాఖాన వాళ్లు తొందర పెడుతుంటే.

రామకృష్ణ గారు వచ్చారు. "ఏంటండీ, దొరికిందా?"

కత్తిరించిన కొస నా గుప్పిట్లోనే ఉంది. కేబుల్ పాతబడింది అంటే సరిపోతుంది. ఎలుక కొరికింది అన్నా నమ్ముతారు. ఆ రంగులు చదవడం అక్కడ నా ఒక్కడికే వచ్చు. ఎస్తేరు మాత్రం సగం రాసిన సంజాయిషీ కాగితం బల్ల మీద పెట్టుకుని నన్నే చూస్తోంది.

"దొరికింది సార్. తప్పు నాది" అన్నాను. గుప్పిట తెరిచి, చూపించి, మొత్తం చెప్పాను. "మేడం పంపిన రిపోర్టు దారిలో పోయింది. ఆమె పంపింది నిజం."

ఆయన ఆ కొస తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిందండీ శ్రీనివాస్ గారూ" అన్నాడు చివరికి. "ఇదంతా రాసివ్వండి."

రాసిచ్చాను. మెమో వెనక్కి తీసుకున్నారు. ఆ యేడాది చివర దవాఖాన పని ఇంకొకరికి ఇచ్చారు. ఎందుకని నేను అడగలేదు.

ఆ రోజు వెళ్లేముందు ఎస్తేరు అన్నది ఇప్పటికీ చెవిలో ఉంది. "రెండు దినాల నుంచి నామీద నాకే అనుమానం వట్టింది అన్నా. బటన్ నొక్కిన్నా, నొక్కినట్టు అనుకున్ననా అని. రాత్రి నిద్రల గూడ నొక్కుతనే ఉన్న."

సైదమ్మ పది రోజులకు కోలుకుని ఇంటికొచ్చిందని ఎస్తేరే ఫోన్ చేసి చెప్పింది. అప్పటిదాకా నాకు అన్నం సయించలేదు.

తర్వాత నెల రోజులు, నాలుగేండ్ల కింద ఆ రోజుల్లో నేను వేసిన ప్రతి కేబుల్ కొసా విప్పి చూశాను. కోదాడ కాలేజీలో అట్లాంటిదే ఇంకొకటి దొరికింది. ఇప్పుడు ఎక్కడికి పోయినా ముందు అడిగేది, ఇబ్బంది ఏ వేళకు వస్తోందని. ఆ వేళకే పోతాను. వెతకడం మాత్రం నేను చేసిన పని దగ్గరే మొదలుపెడతాను. అంతకుముందు పదిహేనేండ్లు దాన్ని ఆఖరున చూసేవాణ్ని, లేదంటే అసలు చూసేవాణ్నే కాదు.