నొప్పి లేని మందు మీద అనుమానం

"ఇక్కడ చింపండి" అని బాణం గుర్తు వేసిన పాకెట్టు ఏదీ అక్కడ చిరగదు. షాంపూ అయినా, కందిపొడి అయినా, హోటలువాళ్ళు కట్టించే సాంబారు అయినా ఇదే వరస. ముందు గోళ్ళు, తర్వాత పళ్ళు, చివరికి వంటింటి కత్తెర. ముట్టుకోగానే గీత వెంట సాఫీగా చిరిగిన పాకెట్టు నా జీవితంలో ఒక్కటే చూశాను. అది కూడా మిగతావాటిలాగే మొండికేసి ఉంటే మా ఇంట్లో నాకింత చెడ్డపేరు వచ్చేది కాదు.

నాకు షుగరు. మచిలీపట్నంలో, అంటే మా బందరులో, ఇదేమంత చెప్పుకోవలసిన విషయం కాదు. ఊరి పేరు లడ్డుకి పెట్టుకున్నవాళ్ళం, ఏదో ఒక రూపంలో మూల్యం చెల్లిస్తూనే ఉంటాం. ఏళ్ళ తరబడి పూటకో సూది పొడుచుకుని పొట్ట మీద చర్మం అక్కడక్కడా గట్టిపడింది. అప్పుడు మా డాక్టరుగారు, పీల్చే ఇన్సులిన్ వచ్చిందనీ, ఊపిరితిత్తులు బాగుంటే వాడుకోవచ్చనీ అన్నారు. ఒక గొట్టంలోకి ఊదించి పరీక్ష చేశారు.

"సిగరెట్లు కాలుస్తారా?" అని అడిగారు.

"ఎప్పుడో మానేశానండీ" అన్నాను.

"చొక్కాలైతే వాసన రావట్లేదండీ" అంది మా ఆవిడ. ఆవిడ నోట నాకు దక్కిన మంచి సర్టిఫికెట్లలో అదొకటి.

ఆ పరికరం ఈల కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. పొడి నింపిన చిన్న గుళిక దానిలో పెట్టి, భోజనానికి కూర్చుంటూ గట్టిగా ఒక్క పీల్పు పీల్చాలి. కాస్త దగ్గొస్తుంది, అంతే. రాత్రి వేసుకునే సూది మాత్రం తప్పలేదు. చిక్కల్లా కొలతతో వచ్చింది. సిరంజిలో ఆరు యూనిట్లు కావాలంటే ఆరే లాగేవాణ్ణి. ఈ గుళికలు నాలుగుదీ ఎనిమిదిదీ ఉంటాయి, ఆ పైన ఇంకా పెద్దది. ఆరు దొరకదు. డాక్టరుగారు మధ్యాహ్నానికి ఎనిమిది రాసి, అన్నం దానికి తగ్గట్టు తినమన్నారు. ఇదివరకు అన్నాన్ని బట్టి మందు, ఇప్పుడు మందుని బట్టి అన్నం. గరిటె మా ఆవిడ చేతిలో ఉంది కాబట్టి వైద్యం కూడా ఆవిడ చేతికే వెళ్ళిపోయింది.

మొదటి రోజు నుంచీ ఆ పొడి మీద ఆవిడకి అనుమానమే.

"నొప్పి లేదు, చేదు లేదు, రక్తపు చుక్కైనా లేదు. లోపల అసలేమైనా ఉందంటారా?"

"ఉంది. దగ్గొస్తోందిగా."

"పిండి జల్లించినా దగ్గొస్తుంది" అని, గుళిక పెట్టి సిద్ధంగా ఉంచిన పరికరాన్ని తీసుకుని, లోపల చూద్దామని తలకిందులు చేసింది.

"వంచకు! పొడి రాలిపోతుంది. మట్టసంగా పట్టుకోవాలన్నారు."

"వంచితేనే పోయే మందు ఒంట్లో ఏం నిలుస్తుంది?" అంది. ఆ పూట ఇంకో గుళిక తీశాం.

నేను గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. రోజూ రైల్లో వెళ్ళొస్తాను. ఈ మందు అక్కడి ఒక మందులషాపాయన విజయవాడ నుంచి తెప్పించి, సోమవారం సోమవారం వారానికి సరిపడా ఇచ్చేవాడు. చిన్న చిన్న ముక్కలుగా చింపిన గుళికల అట్టలను కాగితం కవరులో వేసి రబ్బరు బ్యాండు చుట్టేవాడు. మందంటే అలాగే వస్తుందనుకున్నాను.

మా ఇంటి షుగరు మీటరు మాత్రం ఒక వింత చూపించడం మొదలుపెట్టింది. సోమవారం నుంచి బుధవారం దాకా భోజనం తర్వాత అంకె పెద్దమనిషిలా ఉండేది. గురువారం నుంచి పైకి ఎక్కేది. ఏ వారం చూసినా అంతే.

"గురువారం మీ కాలేజీలో ఏమిటి విశేషం?" అంది మా ఆవిడ.

"ఏమీ లేదు."

"స్టేషను నుంచి ఏ దారిన వస్తున్నారు?"

ఆ తర్వాత నా చొక్కా జేబులు ఉతక్కముందే తిరగబడేవి. క్యారేజీ గిన్నెలు కడగకముందే వాసన చూడబడేవి. నేను నిజంగా ఏమీ తినలేదు. తినకుండానే దొంగనవడంలో ఉన్న దుఃఖం తిన్నవాడికి తెలియదు. నాకేమో పొడి మీద అనుమానం, ఆవిడకి నా మీద. డాక్టరుగారు మా ఇద్దరినీ విని, "వచ్చే నెల మూడు నెలల సగటు పరీక్ష చేయిద్దాం. తగ్గకపోతే మళ్ళీ పూటకో సూదే" అన్నారు. "తిండి జాగ్రత్త" అన్న మాట మాత్రం నాకు చెప్పకుండా మా ఆవిడకి చెప్పారు.

ఒకసారి సోమవారం సెలవొచ్చి, మిగిలిన గుళికలతో నెట్టుకొచ్చి, గురువారం వెళ్ళాను షాపుకి. అక్కడ ఒక భారీ మనిషి కౌంటరు మీద మోచేతులు పెట్టి నిలబడి ఉన్నాడు. దివిసీమలో అవనిగడ్డ దగ్గర రొయ్యల చెరువులున్నాయట. షాపాయన నాకిచ్చేలాంటి కవరే ఆయన ముందు పెట్టాడు.

"దీని రేకు విప్పిందెప్పుడు?" అన్నాడు చెరువులాయన.

"మొన్న సోమవారం బావా. మాస్టారికని తీసి పెట్టినప్పుడే. ఫ్రిజ్‌లోనే ఉంచాను."

"అంటే ఇన్నాళ్ళూ మాస్టారి ఎంగిలి నాకిస్తున్నావన్నమాట."

నాకు అర్థం కాలేదు. ఆయన జేబులోంచి మడతలు మడతలుగా ఉన్న కాగితం తీసి, భూతద్దం పెట్టి నాచేత చదివించాడు. అట్టలన్నీ ఒక రేకు కవరులో మూసి ఉంటాయట. ఆ రేకు చింపాక మూడు రోజుల్లో వాడెయ్యాలట. పరికరాన్ని కూడా పక్షానికోసారి మార్చాలట.

"మేత బస్తా విప్పి నాలుగు రోజులు పెడితే రొయ్యే ముట్టదు. మనం పీలుస్తున్నాం" అన్నాడు.

"ఈ కాగితం నాకెందుకివ్వలేదండీ?" అన్నాను షాపాయనతో.

"పెట్టెకి ఒకటే వస్తుంది మాస్టారూ. బావ అడిగారు, మీరడగలేదు."

"రేకు ఎందుకు చింపారు?"

"గీత వేసి మరీ పంపిస్తే చింపరాండీ? ముట్టుకోగానే సాఫీగా చిరిగింది. తలనొప్పి బిళ్ళయినా మనవాళ్ళు రెండే అడుగుతారు. కత్తెర లేకుండా మందులషాపు నడుస్తుందా?"

నిజమే. అట్ట మొత్తం కొన్న మనిషిని మా వైపు జనం కొంచెం అనుమానంగానే చూస్తారు.

చెరువులాయన నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "మీ ఇంట్లో ఏం కేసు?"

"లడ్డు. మీకు?"

"చక్కెరకేళి. మా కోడలు అరటిగెలలున్న గదికి తాళం వేసింది."

ఇద్దరం చేతులు కలుపుకున్నాం. జైల్లో పరిచయాలు ఇలాగే గట్టిపడతాయనుకుంటాను.

విప్పని రేకు కవర్లూ, కొత్త పరికరం, ఆ కాగితం జిరాక్సు కాపీ పట్టుకుని ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ రెండుసార్లు చదివింది. ఆ పూట గరిటె కొంచెం ఉదారంగా వంగింది. అప్పట్నుంచి రేకు ఆవిడే విప్పి, స్కెచ్ పెన్నుతో దాని మీద తేదీ వేసి ఫ్రిజ్‌లో పెట్టేది. పొడి నిజంగా పాడైందో, ఈ హడావుడికి నా ఒళ్ళు భయపడిందో చెప్పలేను గానీ, గురువారం కూడా సోమవారంలాగే గడవడం మొదలైంది. జేబులు తిరగబడటం మానేశాయి. పెళ్ళయిన కొత్తలో కూడా నా మీద అంత నమ్మకం ఉండేది కాదు.

నమ్మకం సంపాదించిన మనిషి నడక వేరుగా ఉంటుంది. రేపు రక్తపరీక్ష అనగా ఆ సాయంత్రం రైలు దిగి, మిఠాయి కొట్లున్న వీధి గుండా ఇంటికి వచ్చాను. అటు నీడ ఎక్కువ.

రాత్రి భోజనం తర్వాత మీటరు అంకె చూసి నేనే ముందు మాట్లాడాను. "రేకు పాతదేమో చూడు."

ఆవిడ ఫ్రిజ్ తెరిచి, కవరు తెచ్చి, తేదీ దీపం కింద పెట్టి చూపించింది. తర్వాత నా దగ్గరగా వచ్చి ఒక్కసారి గట్టిగా గాలి పీల్చింది.

"రేకు పొద్దున్నే విప్పాను. ఈ యాలక్కాయ వాసన పొడిది కాదు, మీ మీసాలది."