తడి గోనె కింద ఇటుక

పెద్దమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. "ఫోను పెద్దనాన్నకియ్యి" అన్నాను. అన్నయ్య సంగతి నాకు తెలుసు కదా, ఒకసారి సుపేలా మార్కెట్ మొత్తం తగలబడిపోతోందని ఊరంతా చాటాడు, తీరా చూస్తే జిలేబీ కొట్టు పొయ్యి. పెద్దనాన్న ఫోనందుకుని, "బేగి రామ్మా" అన్నాడు. వెనకాల ఎవరో ఐసు తెమ్మని హిందీలో అరుస్తున్నారు. అప్పుడు నమ్మాను. "నువ్వు సూసినావేటి?" అని అడగందే ఏ కబురూ ఒప్పుకోని మనిషి చేతికింద పెరిగినదాన్ని మరి.

ఆవిడకి దేనిమీదా నమ్మకం లేదు. పాలలో వేలు ముంచి చూసేది. చీర కొంటే అక్కడే కొంగు తడిపి రంగు దిగుతుందేమోనని చూసేది, కొట్టువాడు లబోదిబోమన్నా సరే. టీవీలో వాన అంటే పెరట్లోకెళ్ళి ఆకాశం చూసొచ్చి, "లేదు, అబద్ధం" అనేది. ఇప్పుడు భిలాయిలో, మా రుఆబాంధా సెక్టార్లో ఎవర్ని కదిపినా "ఆమె మనసు వెన్న" అంటున్నారు. వెన్నా? మొన్నటిదాకా ఆ గుమ్మం తొక్కాలంటే జడిసినవాళ్ళే వీళ్ళంతా. నేను ఆ వెన్న కబుర్లు నమ్మను. ఆవిడ మనసు మంచిదే, కానీ వెన్న మాత్రం కాదు.

నాన్నది విజయనగరం దగ్గర చిన్న ఉద్యోగం. పెద్దనాన్న ఇక్కడ స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు కాబట్టి, చదువుకోడానికి నన్ను వాళ్ళ క్వార్టరుకి పంపించారు. ఎమ్మెస్సీ అయ్యాక ఇటుకలమీద పడ్డాను. రాయపూర్ దారిలో కుమ్హారి మీదుగా బస్సులో వెళ్తుంటే ఇటుక బట్టీల పొగకి కళ్ళు మండేవి. ఒక్కో బట్టీ ఎంత బొగ్గు తింటుందో! ప్లాంటులో ఇనుము కరిగించాక మిగిలే స్లాగుని పొడి చేసి, సున్నం కలిపి అచ్చు పోసి, తడి గోనె కింద ఉంచితే కాల్చకుండానే గట్టిపడుతుంది. బొగ్గు అక్కర్లేదు, పొగ లేదు. భూమి వేడెక్కిపోతోందని అప్పుడప్పుడే పేపర్లలో రాస్తున్నారు. ఆ వేడి తగ్గించే పనులు చేసేవాళ్ళకి ఒక ట్రస్టు రీసెర్చ్ ఫెలోషిప్పులు ఇస్తుందని తెలిసి అప్లై చేశాను. అది రాకపోతే ఊరికి తిరుగు టపాయే, అక్కడ బళ్ళో టీచరు ఉద్యోగం సిద్ధంగా ఉంది.

"ఇటకలు సేసుకోమని ఊరికే డబ్బులిస్తారా? ఎవులాళ్ళు? ఆళ్ళకేటి లాభం?" అంది పెద్దమ్మ. అంటూనే, నేను కాలేజీకి వెళ్ళినప్పుడు పెరట్లో గోనెలు తడిపేది కూడా ఆవిడే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్లాంటు టౌన్‌షిప్‌లో కాయిల్ హీటరు మీద వంట చెయ్యకూడదు, బయటివాళ్ళని ఇంట్లో పెట్టుకోకూడదు, పెరట్లో ఏమీ కట్టకూడదు. మా ఇంట్లో హీటరుంది, నేనున్నాను, ఇటుకలున్నాయి. సంచీ పట్టుకుని ఎవడు గుమ్మంలో నిలబడ్డా పెద్దమ్మ కళ్ళకి చెకింగువాడే.

ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా కాలిన వాసన. ఆవిడ మాత్రం గెలిచొచ్చినదానిలా కూర్చుంది.

"చెకింగోడు వచ్చినాడే. పంపించీసినాను."

"ఏమడిగాడు?"

"ఇంట్లో ఎంతమంది, వంట దేనిమీద, బొగ్గెంత అవుద్ది అని ఒకటే ఆరా. నీ పేరు సెప్పి ఉందా అన్నాడు. అలాటి గుంట ఇక్కడ లేదన్నాను."

"ఇటుకలు చూశాడా?"

"సూసినాడు. ఎవులో పారేసి ఎల్లిపోనారు అన్నాను."

వేడి హీటరుని గోనెలో చుట్టి మంచం కిందకి తోసిందట. ఆ వాసన అదే. ఇంతలో పక్కింటి దీదీ వచ్చింది. వచ్చినాయన ఫెలోషిప్ కమిటీ సైంటిస్టట, అప్లై చేసినవాళ్ళు నిజంగా పని చేస్తున్నారో లేదో చెప్పకుండా వచ్చి చూడ్డం ఆయన అలవాటట. దీదీని దారడిగి, రాయపూర్ బస్సుకోసం ఇప్పుడే సుపేలా వెళ్ళాడట. అంటే ఆయనా పెద్దమ్మలాంటి అనుమానప్పక్షే అన్నమాట. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. "నా కొంప ముంచేశావు కదా!" అన్నాను.

ఓదార్చడం ఆవిడకి చేతకాదు. ఒక ఇటుకని తడి గోనెతో సహా చంకలో పెట్టుకుని, "ఏడుపాపి బేగి రా. బస్సెల్లిపోద్ది" అంది.

ఆటోలో సుపేలా చేరేసరికి ఆయన టీ బండి దగ్గర నిలబడున్నాడు. ఆయన హిందీవాడు. పెద్దమ్మ హిందీ సగం తెలుగే, అందుకని అంతా తెలుగులోనే రాస్తున్నాను. క్షమించమంటుందనుకున్నాను. అబ్బే! ఇటుక ఆయన చేతిలో పెట్టి, "ఈ గుంటే ఆ గుంట. ఇది దానిదే" అంది. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, ఇటుకని తిప్పి చూసి, గోరుతో గీకాడు. నన్ను ఏదో అడగబోతే పెద్దమ్మ అడ్డొచ్చింది.

"ముందు నాకు సెప్పండి. ఇది పనికిరాదని తేలితే? అప్పుడూ డబ్బులిస్తారా? లేపోతే పనికొస్తాదని రాయమంటారా?"

ఆయన నవ్వలేదు. ఇటుకని బండిమీద పెట్టి, "తేలినా ఇవ్వాలి. తేల్చడానికే కదా ఇచ్చేది" అన్నాడు.

"ఇవ్వాలి అని కాదు. ఇస్తారా?"

"ఇస్తామమ్మా."

"ఇటు తిరిగి, ఈ గుంటతో సెప్పండి."

ఆయన నావైపు తిరిగి చెప్పాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. బస్సెక్కబోతూ, "మీ ఇంట్లో హీటరుంది కదూ? గోనె కాలిన వాసనొచ్చింది" అన్నాడు.

"మీరు సూసినారేటి?" అంది పెద్దమ్మ.

ఫెలోషిప్ వచ్చింది. మరుసటి వానాకాలంలో నా ఇటుకలు సగం పగిలిపోయాయి. పగిలాయనే రాశాను. ఇంకోలా రాయడానికి చెయ్యి రాలేదు, సుపేలాలో ఆవిడ అడిగినమాట చెవిలోనే ఉంది. కమిటీలో కొందరు ఇంక ఆపేద్దామన్నారట. ఆయన మాత్రం, "భిలాయిలో బస్టాపు దగ్గర ఒకావిడకి మాటిచ్చాను" అని పట్టుబట్టాడని తర్వాత తెలిసింది. పాళ్ళు మార్చి మళ్ళీ పోశాను. అవి ఆ పై వానలకి నిలబడ్డాయి. ఈరోజు రాయపూర్‌లో నాకొక లాబ్ ఉందంటే, చేతినిండా పనుందంటే, అది ఆవిడ అనుమానం పెట్టిన భిక్ష. ఈ మాట ఆవిడతో అనలేకపోయాను. అన్నా నమ్మేది కాదు.

ఆ రోజు సుపేలా తీసుకెళ్ళిన ఇటుకని ఆవిడ నాకు తిరిగివ్వలేదు. పెరట్లో గోడవారన గోనె కప్పి ఉంచింది, పొద్దున్నే చెంబుడు నీళ్ళు పోసేది. "అది ఎప్పుడో గట్టిపడిపోయింది పెద్దమ్మా, ఇంక తడపక్కర్లేదు" అని వెళ్ళినప్పుడల్లా చెప్పేదాన్ని.

"లోపల నువ్వు సూసినావేటి?" అనేది.

ఫోనొచ్చిన మధ్యాహ్నమే దొరికిన బస్సు పట్టుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాను. ముందుగదిలో ఆవిడని చూశాను. అందరూ ఏడుస్తున్నారు. పొద్దున్న బాగానే లేచిందని, ఇంటి పనంతా మామూలుగానే చేసుకుందని పెద్దనాన్న అంటున్నాడు. నేను పెరట్లోకి వెళ్ళాను. గోనె అంచులు ఎండి గరుకుగా ఉన్నాయి. చెయ్యి లోపలికి పెట్టి ఇటుకని తాకాను. ఇంకా తడిగానే ఉంది.

సూసినాను, పెద్దమ్మా.