రెండు వందల అరవై ఎనిమిదో గొట్టం

నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి వరకే. ఆ చదువుతోనే నాలుగు వందల పదకొండు పొగగొట్టాలు చేశాను. కంపెనీలు మరిచిపోయిన కార్లకు, ఏ దుకాణంలోనూ సామాను దొరకని కార్లకు, మా పెరటి రేకుల షెడ్డులో కూర్చుని చేశాను. ప్రతి గొట్టం కొసన దాని నంబరు అంకెల అచ్చుతో కొట్టి మరీ ఇచ్చాను. ఒకసారి ఇంజనీరు ఒకాయన తన తాతగారి కారును లారీ మీద ఎక్కించుకుని వచ్చి, నేను గొట్టంలో ఇసుక పోసి వంచుతుంటే స్టూలు వేసుకుని పూటంతా చూశాడు.

"ఈ వంపుల లెక్క ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు.

"నేర్చుకోలేదండీ, ముప్పై గొట్టాలు చెడగొట్టి తెలుసుకున్నాను" అన్నాను. ఆయన ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

నా చేతి గొట్టం ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఈ మాట నేను మంగలి కుర్చీలో చెప్పాను, ఆసుపత్రి వరుసలో చెప్పాను, రైల్లో ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పాను. "టేపులో ఎక్కించి పెట్టుకో, గొంతు నొప్పి తప్పుతుంది" అనేది మా ఆవిడ.

నంబరు రెండు వందల అరవై ఎనిమిది మా బావ కారుది. బావ అంటే మా పెద్దక్క భర్త. భూములు కొలిచే ఉద్యోగం. భారీ మనిషి కావడంతో డ్రైవరు సీటును పూర్తిగా వెనక్కి వాల్చి, ఒక చేత్తో నడిపేవాడు. నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. "ఏం ఫ్యాక్టరీ" అనేవాడు. "నీ గొట్టం పెట్టాక నా కారు దగ్గడం మానేసింది. ఇక మిగిలింది నేనే" అని పడీపడీ నవ్వేవాడు.

ఆ గొట్టంలో ముందరి అతుకు సరిగ్గా కారు నేలరేకు కిందికి వస్తుంది. కారు కింద పడుకుని వెల్డింగు చేస్తే కిందివైపు, పక్కలు అందుతాయి గాని, రేకును ఆనుకుని ఉన్న పైభాగానికి మంట చేరదు. విప్పి బల్ల మీద పెట్టి, చేతిలో తిప్పుకుంటూ చెయ్యాలి. దానికి ఇంకో రోజు పడుతుంది. తెల్లారేసరికి బావ కొలతలకు వెళ్లాలి. నేను ముప్పాతిక చుట్టు అతికి, పై పాతిక భాగానికి వేడికి తట్టుకునే లప్పం మెత్తాను.

"వారంలోగా తీసుకురా బావా, విప్పి పూర్తి చేస్తాను" అన్నాను. ఆయన తేలేదు. నేను మళ్లీ అడగలేదు.

నాలుగు నెలలకు ఒక మధ్యాహ్నం జడివాన పట్టుకుంది. దారి కనపడక బావ కారును రోడ్డు పక్కన ఆపి, అద్దాలు ఎక్కించి, ఇంజను నడుస్తుండగానే సీట్లో వాలాడు. రెండు గంటల తర్వాత ఎవరో తలుపు తీశారు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. బావ అంతకుముందే గుండెకు మాత్రలు వాడుతున్నాడు కాబట్టి ఎవరూ మరో మాట అడగలేదు.

కారును అక్క ఇంటి వసారా కింద పెట్టి టార్పాలిన్ కప్పారు. పదకొండేళ్లు వారం వారం ఆ ఇంటికి వెళ్లాను. ఒక్కసారీ ఆ టార్పాలిన్ అంచు ఎత్తలేదు. దాని పక్కనుంచి కాక, వంటింటి వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. వీధిలో ఏ కారు పోయినా ముందు నా చెవి వెతికేది ఇంజను చప్పుడును కాదు, అతుకు సందులోంచి పొగ తోసుకొచ్చే ఆ బుసను. అయినా ఒక్కటీ వెనక్కి రాలేదన్న మాట మాత్రం మానలేదు. ఇంకొంచెం గట్టిగానే చెప్పేవాణ్ణి.

మొన్న ఎండలు ముదరకముందు అక్క కూతురు వచ్చింది.

"మామయ్యా, నాన్న కారు బయటికి తీద్దామనుకుంటున్నా. ఆఫీసు ఊరవతలికి మార్చారు, రెండు బస్సులు మారాల్సి వస్తోంది."

"ముసలి బండి తల్లీ. దానితో ఏం పడతావు?"

"ఇంజను రాయిలా ఉందట, మెకానిక్ చూశాడు. గొట్టమొక్కటే పూర్తిగా తినేసిందన్నాడు. నువ్వుండగా నేను వేరేవాళ్ల గడప ఎందుకు ఎక్కుతాను?"

"తినేసిందా?"

"తుప్పు మామయ్యా. ఇంకెవరు తింటారు?"

మర్నాడు మెకానిక్ కారుకు తాడు కట్టి మా షెడ్డులోకి లాక్కొచ్చి వదిలి వెళ్లాడు. డ్రైవరు సీటు ఇంకా వెనక్కి వాలే ఉంది. లోపలి అద్దం ఆయన కంటి ఎత్తుకే ఉంది. నేను కారును జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి కిందికి దూరాను. రెండో బోల్టు కోస్తుండగా, సరిగ్గా నా తల మీద, సీటు స్ప్రింగు ఒకసారి కిర్రుమంది. మనిషి ఒత్తిగిలినట్టు. రంపం ఆపాను. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. ఎవరని అడగడానికి నోరు రాలేదు. జవాబు వస్తుందేమోనని భయం.

గొట్టం ఊడి నా గుండెల మీదికి దిగింది. దాన్ని వెలుగులోకి తెచ్చి బొటనవేలితో కొస రుద్దాను. తుప్పు కింద నంబరు కనిపించింది.

తుప్పు తిన్న బొక్క అంచు అప్పడంలా పలచబడుతుంది, గోరు తగిలితే రాలుతుంది. కిందివైపు అలాంటి బొక్కలు మూడున్నాయి. మూడూ రాలాయి. ముందరి అతుకు పైన లప్పం లేదు. చూపుడువేలంత సందు. దాని అంచును గోటితో గీకాను, స్క్రూడ్రైవరుతో పొడిచాను. రాలలేదు. నిండు మందంతో, నేను వదిలేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మళ్లీ కారు కిందికి దూరి చూస్తే, ఆ సందుకు ఎదురుగా నేలరేకు మీద విసనకర్రలా పరుచుకున్న మసి. ఆ మసి మధ్యలో, నేలరేకు రంధ్రాన్ని మూసే రబ్బరు బిరడా ఒకటి ఎండి, ముడుచుకుని వదులై ఉంది. లోపలికి వెళ్లి బావ కాళ్ల కింది పట్టా ఎత్తాను. అడుగంతా నలుపే.

గొట్టాన్ని పాత ఇనుములో పడేస్తే అడిగేవాళ్లు లేరు. పడేశాను కూడా. టీ తాగి వచ్చి మళ్లీ తీశాను.

మధ్యాహ్నం అక్క వచ్చింది. "ఏంట్రా, మొహం అలా పీక్కుపోయింది?"

"అక్కా, ఇలా కూర్చో. ఇది తుప్పు కాదు" అని గొట్టం ఆవిడ ముందు పెట్టాను. లప్పం సంగతి, వారంలోగా తెమ్మన్న సంగతి, పట్టా కింద మసి సంగతి అన్నీ చెప్పాను. ఇంజనీరు కూర్చున్న స్టూలు మీదే కూర్చుని వింది. సందులో వేలు పెట్టి చూసింది.

"వాసన వస్తోందని మీ బావ అంటూనే ఉన్నారు" అంది.

"ఎప్పుడు?"

"పోయే ముందు నెల రోజులూ. తమ్ముడి దగ్గరికి తీసుకెళ్లండి అన్నాను. 'ఫ్యాక్టరీకి ఒక్కటీ వెనక్కి రాలేదన్న పేరుంది, నా వల్ల అదెందుకు పోవాలి? అద్దం దించుకుంటే సరి' అన్నారు. దించుకునే తిరిగారు."

"ఆ రోజు వాన" అన్నాను.

"ఆ రోజు వాన" అంది అక్క.

వేలికంటిన మసిని పాత గుడ్డకు తుడుచుకుంటూ మళ్లీ తనే అంది. "నేనైనా నీకు ఒక మాట చెప్పాల్సింది. గుండె అన్నారు కదా, గుండే అనుకుందాం అనుకున్నా. నువ్వు వంటింటి వైపు నుంచి తిరిగి వచ్చినప్పుడల్లా అనుమానం వచ్చేది. నువ్వే చెప్తావని చూశాను."

నేను గొట్టాన్ని తీసి బల్ల మీద పెట్టాను.

"చెయ్యి" అంది లేస్తూ. "పిల్ల ఎక్కే బండి. ఈసారి పూర్తిగా చెయ్యి."

అయిదు రోజులు చేశాను. లావు తీగను కారు కింద పట్టి వంపులు తీసుకున్నాను. ఇసుకను రేకు మీద చేతికి అంటనంతగా వేయించి, గొట్టంలో నింపి, రెండు వైపులా చెక్క బిరడాలు బిగించి, ఎర్రగా కాల్చి, పాత చక్రం చుట్టూ వంచాను. ముందరి అతుకును బల్ల మీద తిప్పుకుంటూ చుట్టంతా అతికి, కారుకు బోల్టులతో బిగించేలా చివర ఫ్లాంజి పెట్టాను. కొసలు మూసి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచితే ఆవగింజంత బుడగ ఒకటి వచ్చింది. అరగదీసి మళ్లీ అతికాను. రెండోసారి రాలేదు. అయినా నీళ్లు కదలకుండా నిలిచేదాకా చూశాను. తొట్టిలో నా ముఖం తేలింది. నా భుజం వెనక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిన భారీ ఆకారం ఒకటి కూడా తేలింది. తిరిగి చూస్తే, కారుతో పాటు వచ్చి మేకుకు వేలాడుతున్న టార్పాలిన్.

వరస ప్రకారం దీని నంబరు నాలుగు వందల పన్నెండు. నేను రెండు వందల అరవై ఎనిమిదే కొట్టాను. ఇది కొత్త గొట్టం కాదు, వెనక్కి వచ్చిన గొట్టం.

బిగించి కారును పెరట్లోకి నెట్టాక, అక్కతో కలిసి వచ్చిన మేనకోడలు స్టార్టు చేసింది. చప్పుడు మెత్తగా, ఒక్క తీరుగా ఉంది. ఆమెను దిగమని నేను ఎక్కాను. సీటు లేపకుండా అలాగే వాలాను. నా కింద స్ప్రింగు కిర్రుమంది. బోల్టు కోస్తూ విన్న చప్పుడే. అద్దాలు నాలుగూ ఎక్కించాను.

"ఎంతసేపు మామయ్యా?" అని బయటినుంచి అడిగింది.

"చెప్తాలే."

అవతలి తలుపు తెరుచుకుంది. అక్క ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది.

"నువ్వెందుకక్కా, దిగు. పరీక్ష నేను చేస్తున్నాను కదా."

"నీ గొట్టాన్ని నువ్వు వాసన చూస్తే నీకేం తెలుస్తుందిరా? నాకు వస్తే నేను చెప్తాను" అంది అక్క, చీర కొంగు ఒళ్లో సర్దుకుంటూ.

ఇంజను నడుస్తూనే ఉంది. ఇద్దరం ముందుకే చూస్తూ కూర్చున్నాం. వెనక సీటు వైపు నేనూ తిరగలేదు, అక్కా తిరగలేదు.