నలభై మందికి మేనమామ

సంజీవి మామ చివరిగా చేసిన పని ఒక లోడు వద్దనడం. సింగానల్లూరులో ఇంటి ముందు నిలిపిన తన లారీ నీడలో కుర్చీ వేసుకుని, పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకు ఫోన్ చేసి, రేపు మేనల్లుడికి చెవులు కుట్టిస్తున్నారని తమిళంలో చెప్పాడు. ఫోన్ పెట్టేసి ఇంకో లోటా కాఫీ అడిగాడు. మధ్యాహ్నం అన్నం ఉడికేలోపే గుండె ఆగిపోయింది.

సాయంత్రం జోతిమణి అత్త ఏడుస్తూ ఆ సంగతి ఆఫీసుకు చెబితే, లోడ్లు పంచే అరవిందన్ కాసేపు విని, సరే అక్కా, ఈసారి చెవులు ఎవరికి అని అడిగాడట. అతన్ని తప్పుపట్టలేం.

లారీ మామ సొంతం. దాన్ని ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి అటాచ్ చేశాడు. లోడ్లు వాళ్ళు చూపిస్తారు, బండి ఈయన తోలతాడు. చేరేనాడు వాళ్ళు, మీ బండి, మీ ఇష్టం, వీలైనప్పుడే తోలండి అన్నారు. ఇరవై ఏళ్ళు మిల్లు సైరన్‌కు ఉలిక్కిపడి లేచిన మనిషికి ఆ మాట తేనె. నెల తిరక్కుండానే ఆ ఇష్టం ఎంతవరకో తెలిసింది. ఒకే నెలలో మూడు లోడ్లు వద్దంటే అటాచ్ తీసేస్తారు. జ్వరమంటే డాక్టరు చీటీ చూపించాలి. నిద్ర చాలలేదంటే నవ్వుతారు. సరైన కారణం ఉంటే మాత్రం ఆ లోడు లెక్కలోకి రాదు.

అరవిందన్ ఎదురు మాట్లాడలేని కారణం ఒక్కటే ఉంది. మా వైపు కాదుకుత్తు, అంటే చెవులు కుట్టే వేడుకలో, బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. మేనమామ రాకుంటే సూది కదలదు. అరవిందన్‌కూ ఒక అక్క ఉంది.

ఆ కిటుకు తెలిసినప్పటినుంచి మామకు మేనల్లుళ్ళు పుట్టుకొచ్చారు. నిజానికి ఆయనకు ఉన్నది ఒక్క చెల్లెలు, మా అమ్మ. ఆమెకు ఉన్నది నేనొక్కదాన్నే. ఆఫీసు లెక్కలో మాత్రం పొల్లాచ్చిలో ముగ్గురు, ఉడుమలైలో కవలలు. కవలలకు వేర్వేరు రోజుల్లో కుట్టించాడు. అత్త లెక్కపెట్టింది, రెండేళ్ళలో నలభై మంది. అలా లోడు వద్దన్న రోజుల్లో ఆయన లుంగీ బిగించి హాయిగా నిద్రపోయేవాడు. అత్త వాకిట్లోంచి అడిగేది, "ఈ దినం ఏ బిడ్డకండీ కుట్టేది? గురకకే చెవులు తూటుపడేట్టుండాదే."

పోయినేడు మా పాప చారులతకు నిజంగానే చెవులు కుట్టించాల్సి వచ్చింది. తిరుమంగళం దగ్గర మా అత్తవారి కులదేవత గుడిలో. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఆ ఒడి మామదే. తాంబూలం పట్టుకుని పిలవడానికి వెళ్తే ఆయన ముఖం వాడిపోయింది.

"పోయిన నెలే ఆ అరవిందను కండిషన్ పెట్టినాడు తల్లే. ఇంక కాదుకుత్తు అంటే పిలుపు పత్రిక తేవాలంట. ఈ నెల రెండు లోడ్లు ఊరికే వద్దనేసినా. ఇది మూడోది."

పత్రిక ఇచ్చాను. అది పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. నలభైకి లేని పత్రిక నలభై ఒకటోదానికి ఎక్కడిదని అరవిందన్ నమ్మలేదు. వేడుక రోజుకే తిరునెల్వేలికి పంపుసెట్ల లోడు వేశాడు. అదే రోజు సాయంత్రం నాలుగింటికి దించాలి, లేకుంటే బండికి వేరే కంపెనీ చూసుకోండి అన్నాడు.

దారి తిరుమంగళం మీదుగానే. పదకొండింటికి పన్నెండు చక్రాల లారీ గుడి ముందు ఆగింది, మేళం వాళ్ళు దారి ఇచ్చారు. మామ ఖాకీ చొక్కాతోనే కాళ్ళు కడుక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు. బిడ్డను ఒడిలోకి తీసుకున్నాడు. కంసాలి సూది తీశాడు. అప్పుడే ఫోన్ మోగింది, అరవిందన్. బండి కదలడం లేదని జీపీఎస్ అతనికి చాడీ చెప్పింది. మామ ఫోన్‌ను చారులత నోటి దగ్గర పెట్టాడు. సూది దిగింది. బిడ్డ అరుపుకు గుడి మీది పావురాలు లేచాయి.

"వినపడినాదా తంబీ? ఇది అసలు సరుకు," అన్నాడు.

అందరం నవ్వాం. కానీ మేనమామకే మొదటి విస్తరి వేసి పిలిస్తే ఆయన కూర్చోలేదు. వాచీ చూసుకుంటూ చెప్పుల కోసం వెతుకుతున్నాడు. మా అత్తవారంతా చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది.

"లేని బిడ్డలకంతా దినం దినం ఇస్తివే మామా. ఉండే బిడ్డకు ఒక పూట లేదా?"

ఆయన చారులత గుండు మీద చందనం సరిచేసి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఆ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు.

పదహారో రోజు కర్మకు అరవిందన్ వచ్చాడు. అంతా కలిపి ముప్పై ఏళ్ళుండవు. చేతిలో పూలమాల, ముఖంలో సిగ్గు. కాఫీ తాగాక నన్ను పక్కకు పిలిచి, సార్ ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి ఆలస్యం చేస్తాడని, అందుకే ఆయనకు మాత్రం ప్రతి గడువూ అసలుదానికన్నా ఒక రోజు ముందుకు జరిపి చెప్పేవాణ్ణని ఒప్పుకున్నాడు. తిరునెల్వేలి పంపుసెట్ల సంగతి అడిగాను. అతను ఫోన్‌లో చాలాసేపు వెతికాడు.

ఆ లోడు దించాల్సింది వేడుక మరునాడు సాయంత్రం నాలుగింటికి.