పెద్దమ్మ గుడ్డ వెనకవైపు

కాదండీ, తప్పంతా నాదే అంటే ఇప్పటికీ ఒప్పుకోను. శనివారం ఇచ్చిన గుడ్డ మంగళవారం వేరేలా తిరిగొస్తే ఎవరికైనా అనుమానం రాదా? ఆ రోజుల్లో (అంటే రెండు ఫోన్ల కిందట) నేను విశాఖలో డిగ్రీ ముగించి, పోర్ట్ బ్లెయిర్ వచ్చి, డాలీగంజ్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. లోకంలో అందరూ దొంగలే, సాక్ష్యం దొరకడమే ఆలస్యం అని నా గట్టి నమ్మకం. పెద్దమ్మ నాకు సీసీ కెమెరా అని పేరు పెట్టింది.

చర్చి హాల్లో నడిచే ఎంబ్రాయిడరీ సంఘంలో పెద్దమ్మ పాత సభ్యురాలు. గుడ్డ, దారాలు సంఘమే ఇస్తుంది. కుట్టినంతవరకు ప్రతి శనివారం తీసుకెళ్ళి చూపించాలి. సంఘాన్ని నడిపే ఆవిడను చిన్నా పెద్దా అందరూ దీదీ అనే పిలుస్తారు. ఆవిడ పువ్వుల వంక చూడదు. గుడ్డ తిరగేసి వెనక ముడులు చూస్తుంది. వెనకవైపు శుభ్రంగా లేని పని అబర్డీన్ బజార్‌లో ఏటా పెట్టే ప్రదర్శనకు వెళ్ళదు. వెళ్తే, కుట్టినవాళ్ళ పేరు చీటీ మీద రాసి పక్కన పెడతారు. పెద్దమ్మకు ఆ చీటీయే ప్రాణం. ఒక్క ఏడు కూడా తప్పలేదు.

ఆ ఏడు మాత్రం దీదీ పెద్దమ్మ గుడ్డను మూడేసి రోజులు తన దగ్గరే ఉంచుకోసాగింది. వెళ్ళే ముందొక ఫోటో, వచ్చాక ఒక ఫోటో తీశాను. పెద్దది చేసి చూస్తే ఆకుల దగ్గర కుట్లే మారిపోయాయి. అసలుది ఎవరికో ఇచ్చేసి నకలు మాకు అంటగడుతున్నారని తేల్చేశాను. (ఒక్క దిండు గలీబు కోసం అంత కుట్ర ఎవరు చేస్తారన్న ఆలోచన రాలేదు.)

మరుసటి శనివారం అందరి ముందూ ఫోన్ దీదీ మొహం దగ్గర పెట్టి, ఇది మా పెద్దమ్మ చెయ్యి కాదు, అసలుది ఎక్కడ దాచారని నిలదీశాను. హాల్లో సూదులన్నీ ఆగిపోయాయి. దీదీ నన్ను పక్కకు లాగింది.

"అరే బాబా, ధీరే బోల్, మెల్లగా. మీ పెద్దమ్మకి కళ్ళు ఆనట్లేదే. వెనకాలంతా గజిబిజి. చీటీ పోతే తట్టుకోలేదని మేమే తలో ఆకూ విప్పి కుడతన్నాం."

ఆ మాట వినపడకుండా పోయేంత పెద్ద హాలు కాదది. నా నోటివల్లే చీటీ పోయిందనుకున్నాను. పెద్దమ్మ మాత్రం తాపీగా గుడ్డ తిరగేసి వేలితో తడిమింది.

"ఈ ఆకు నీది దీదీ, దారం మరీ బిగించేస్తావు. ఇది పాస్టరమ్మగారిది, ముడి మీద ముడేస్తారు. కళ్ళు పోతే వేళ్ళు కూడా పోతాయేటి? మొదటి వారమే తెలిసింది నాకు. మీరు దాచాలని అంత తాపత్రయపడతంటే, నేనేటి చెప్పేది?"

అందరి పేర్లూ రాస్తేనే గుడ్డ ఇస్తానని పట్టుబట్టింది. పేర్లు పట్టక చీటీకి కూడా వెనకవైపు రాయాల్సి వచ్చింది.

నాకు శిక్షగా ఒక ఆకు కుట్టమన్నారు. కుట్టాను. దానికీ తీసిన రెండు ఫోటోలూ ఇప్పటి ఫోన్లో కూడా ఉన్నాయి: శనివారం నా ఆకు వెనక పిచ్చుక గూడు, మంగళవారం అద్దంలా నున్నగా. ఆ కోపిష్టి పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఎవరు విప్పి కుట్టారని అడిగినప్పుడు హాలంతా తలలు దించేసుకుంది. ఇప్పుడు చెప్పండి, వాళ్ళని అనుమానించడం నా తప్పేనా?