గేటు అవతలి సైకిల్

ప్రేమకథ ఒక్కరి వైపు నుంచి చెప్పాలా, ఇద్దరి వైపు నుంచీ చెప్పాలా అని మొన్న గ్రంథాలయంలో ఇద్దరు పెద్దమనుషులు గంటసేపు వాదించుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను. వాళ్ళు చెప్పినదాంట్లో సగం ఊక. ఆ సంగతి నాకు అక్షరం ముక్క రాని రోజుల్లోనే తెలిసింది. తెలియజెప్పింది యాకుత్‌పురా రైలు గేటు పక్కన కాపురముండిన ఒక అక్క.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. బయట యుద్ధం నడుస్తున్న రోజులు. మా బర్రెల కొట్టం సైదాబాద్‌లో, మేము పాలు పోసే ఇళ్ళు యాకుత్‌పురాలో. నెత్తిన బిందె, భుజాన గుడ్డసంచి, రెండు పూటలా నడక. అక్క మొగుడు ఆ రైలు గేటు దగ్గర పనిచేసేవాడు. గేటు వేయడం, తీయడం, జెండా ఊపడం. పూటకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అక్క మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పక్కన పీట మీద నోటుపుస్తకం పెట్టుకుని కథలు రాసేది. ఆ ఇంట్లో కూర ఎన్నిసార్లు మాడిందో చెప్పను. రాసిన మాట బాగా లేకపోతే మాత్రం పేజీ అంతా కొట్టేసి మొదటినుంచి రాసేది. అంత ఓపిక నేను బర్రెల దగ్గర కూడా చూపలేదు.

అప్పటికే రెండు కథలు ఒక తెలుగు మాసపత్రికకు పంపింది. రెండూ తిరిగొచ్చాయి. మూడోది రాస్తున్నప్పుడు నాతో ఒక మాట అంది.

"ఇది గూడ వాపసొస్తె రాసుడు బంద్ చెల్లె. నిద్రల గూడ ఇదే ఫికర్. ఇగ నాతోని కాదు."

ఆమె మాటంటే మాటే. అందుకే నాకు భయం వేసింది.

కథ చిన్నదే. లక్కగాజులు చేసే ఇంటి పిల్ల, గడియారాలు బాగుచేసే పిలగాడు. ఇంట్లోవాళ్ళకు తెలియకుండా మనసు పడ్డారు. ఒక సాయంత్రం రైలు గేటు దగ్గర కలుసుకుందామనుకున్నారు. పిల్ల గేటుకు ఇవతల నిలబడింది. పిలగాడు సైకిల్ మీద అవతలికి వచ్చాడు. ఒకరినొకరు చూసుకున్నారు. అంతలో పొడుగాటి గూడ్సుబండి అడ్డం వచ్చింది. బండి పోయాక చూస్తే పిలగాడు లేడు. నన్ను చూసి కూడా పోయాడని పిల్ల ఇంటికొచ్చి తలుపు మూసుకుంది. జరిగింది వేరు. బండి అడ్డం రాకముందే ఆమె వెనక మేనమామ వచ్చి నిలబడ్డాడు. పిల్ల చూడలేదు, పిలగాడు చూశాడు. పిల్ల పరువు పోతుందని తప్పుకున్నాడు.

అక్క దీన్ని రెండు నోటుపుస్తకాల్లో రాసింది. ఒకదాంట్లో అంతా పిల్ల చూసినట్టు, రెండోదాంట్లో అంతా పిలగాడు చూసినట్టు. పత్రికవాళ్ళేమో కాగితం కరువని, ఒక్క నోటుపుస్తకానికి మించి పంపవద్దని కార్డు రాశారు. నెలాఖరులోపల అందాలన్నారు. ఒకటే పంపాలా, రెండూ కోసి ఒకటిగా కుట్టాలా అన్నది ఆమెకు తేలలేదు. నన్ను కూర్చోబెట్టి రెండూ చదివి వినిపించింది. ఎట్లా ఉందని అడిగింది. నా నోట్లో మాట ఆగదు.

"పిల్లది పానమున్న ముచ్చట అక్కా. పిలగానిది గడ్డి దుడ్డె లెక్కున్నది."

దుడ్డె చచ్చిపోతే బర్రె పాలు చేపదు. అందుకని దుడ్డె తోలులో గడ్డి కూరి బర్రె ముందు నిలబెడతాం. దాన్ని నాకి బర్రె పాలిస్తుంది. పిలగాడి పుస్తకం అట్లాగే ఉంది. రూపం ఉంది, ఊపిరి లేదు.

అక్క నవ్వింది గానీ మొహం చిన్నబోయింది. "అయితేంది, బర్రె పాలిస్తది గదనే?"

"ఇస్తది. నాలుగొద్దులైతె సంగతి తెలుసుకొని తంతది."

ఆమె కోప్పడలేదు. నీ ఒక్కదాని మాట చాలదంటూ రెండు పుస్తకాలూ నా సంచిలో పెట్టింది. నేను పాలు పోసే ఇళ్ళలో తెలుగు చదివేవాళ్ళున్నవి రెండే. దర్జీ ఇంట్లో కోడలు చదివితే ముసలి అత్త వినేది. పాన్ దుకాణం వాళ్ళింట్లో బిడ్డ చదివితే తల్లి వినేది. ముందు రెండిళ్ళవాళ్ళూ పిల్ల పుస్తకం చదవాలి. ఆ తరువాతే పిలగాడిది బయటికి తీయాలి. అందాకా అది నా సంచిలోనే ఉండాలి.

"ఇంట్ల ఉంటె మళ్ల దిద్దుకుంట కూసుంట," అంది అక్క.

రెండింటికీ ఒకే రకం అట్ట. నాకు చదువు రాదు కాబట్టి పిల్ల పుస్తకానికి గుర్తుగా ఎర్రదారం కట్టింది.

దర్జీ ఇంట్లో నాలుగు రోజుల్లో చదవడం అయిపోయింది. ఆ పుస్తకం తీసుకుని పాన్ దుకాణం వాళ్ళింటికి పోతుంటే బిందె మూతికి కట్టిన గుడ్డ తాడు తెగింది. తోవంతా దుమ్ము. పాలమనిషికి పాలు ముందు, కథ తరువాత. పుస్తకం దారం విప్పి బిందె మూతికి బిగించాను. తీరా ఆ ఇంటి ముందు నిలబడి సంచిలో చెయ్యి పెడితే రెండు పుస్తకాలూ ఒక్కలాగే తగిలాయి. అడిగితే ఆ ఇంటి బిడ్డే చూసి చెప్పేది. నాకు సిగ్గేసింది. చేతికి వచ్చింది ఇచ్చి నడిచాను.

వారం తిరగకముందే నల్లా దగ్గర లొల్లి మొదలైంది.

"ఏం మొగోడే వాడు," అంది దర్జీ ఇంటి అవ్వ. "పిల్ల నిలబడి సూస్తుంటె దొంగ లెక్క పోయిండు."

"నువ్వేం కథ ఇన్నవ్ అవ్వా?" అంది పాన్ దుకాణం ఇంటి తల్లి. "దాని మేనమామ గుంజ లెక్క ఎనక నిలబడె. వాడు తప్పుకోకుంటె దాని బతుకేం గావాలె? మూడు దినాలు వాళ్ల వాకిట్ల తిరిగిండు పాపం. ఆ పిల్లదే రాతి గుండె."

"మేనమామ ఏడికెళ్లి ఊడిపడ్డడు? నా కోడలు అక్షరం ఇడువకుండ చదివింది."

"నీ కోడలు కునుకుకుంట చదివినట్టున్నది."

ఆ మాటకు కోడలు కూడా బిందె దించి కలిసింది. నల్లా కింద ఎవరి బిందో నిండి పొర్లుతోంది. పట్టించుకున్నవాళ్ళు లేరు. దర్జీ ఇంటివాళ్ళు చదివింది పిల్ల పుస్తకం ఒక్కటే, పాన్ దుకాణం వాళ్ళు చదివింది పిలగాడిది ఒక్కటే అని నాకు అప్పుడు వెలిగింది. నెలాఖరు దగ్గరికొచ్చింది. కథ ఖరాబు చేసింది నేనే.

పాన్ దుకాణం వాళ్ళింట్లోని పుస్తకం వెనక్కి తీసుకుని, అక్క ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడే ఆమె మొగుడు అన్నానికి కూర్చున్నాడు. తిడుతుందనుకున్నాను. ఆమె గరిటె పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఎవరేమన్నరో ఒక్క మాట పోకుండ చెప్పు."

చెప్పాను.

"నీళ్లు ఇడిసిపెట్టి కొట్లాడిండ్రా?"

"ఇడిసిపెట్టిండ్రు అక్కా."

అక్క మెల్లగా అంది. "ఇద్దరి కడుపుల ఏమున్నదో ముందే తెలిస్తె ఇగ కొట్లాడేదేంది. ఒక్కటే పంపుత. గని పిలగాన్ని ఉత్త దొంగను చేసి ఎట్ల పంపాలె?"

అప్పుడు అన్నం కలుపుకుంటున్న ఆ మనిషి నోరు విప్పాడు.

"ఇడిసిపెట్టి పోయెటోడు సైకిలెక్కి పోతడు. దాక్కునెటోడు సైకిల్ ఆడనే పెట్టి పోతడు. గేటు కాడ రోజు సూస్త."

ఇద్దరం ఆయన వైపు తిరిగాం. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, జెండా తీసుకుని వెళ్ళిపోయాడు.

అక్క ఆ పూట అన్నం తినలేదు. పిలగాడి పుస్తకాన్ని పెట్టెలో అడుగున పెట్టేసింది. అన్ని నెలలు కూర మాడ్చుకుని రాసిన పుస్తకాన్ని అట్లా పక్కన పెట్టడానికి ఎంత గుండె కావాలో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇద్దరి వైపు నుంచీ రాస్తే మంచి కథలు రావని నేను అనను. ఆ కథకు మాత్రం అది సరిపడదని ఆమెకు తెలిసింది, తెలిసినట్టే చేసింది.

పిల్ల పుస్తకంలో కొన్ని వాక్యాలు చేర్చింది. మొదటి పేజీలోనే మేనమామ ఉంటాడు, గొంతు గీరుకుపోయేట్టు రెండుసార్లు దగ్గడం ఆయన అలవాటు. గేటు దగ్గర గూడ్సుబండి పోతుంటే పిల్ల వెనక ఎవరో రెండుసార్లు దగ్గుతారు. పిల్ల తిరిగి చూడదు. ఆమె కళ్ళు బండి మీదే ఉంటాయి. బండి పోయాక అవతల గేటు గుంజకు ఆనించిన సైకిల్ కనిపిస్తుంది, పిలగాడు కనిపించడు. సైకిల్ కూడా మరిచిపోయేంత తొందరగా నన్ను విడిచి పారిపోయాడని పిల్ల అనుకుంటుంది. పిలగాడి మనసులో ఏముందో ఒక్క మాట లేదు.

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు అక్క దాన్ని తపాలాలో వేసింది. మరునాడు నేను ఆమె ముందు కూర్చున్నాను.

"నాకు అక్షరాలు చెప్పు అక్కా. దారాలు కట్టించుకొని ఎన్నొద్దులు బతకాలె?"

"ఇప్పుడా?"

"మరి సచ్చినంకనా?"

పాలు పోశాక రోజూ అరగంట, కూరగిన్నె మూత వెనక సుద్దముక్కతో నేర్పింది. ముప్పై దాటిన వేళ్ళు వంగవు. తప్పు రాస్తే నవ్వలేదు. పేజీలు కొట్టేసి మళ్ళీ రాసే మనిషి, నా తప్పులు ఆమెకు లెక్క కాదు.

నాలుగు నెలలకు పత్రిక వచ్చింది. కథ ఉంది. అక్క ఏడవలేదు, గంతులు వేయలేదు. ఇంకో నోటుపుస్తకం తెప్పించమని మొగుడితో చెప్పింది. నాకు చదివి వినిపించమంటే ఒప్పుకోలేదు. పత్రిక నా సంచిలో పెట్టి, "నువ్వే సదువుకో," అంది.

మధ్యాహ్నం కొట్టంలో గడ్డి మోపు మీద కూర్చుని వరస కింద వేలు పెట్టుకుని చదివాను. ఒక్కో వాక్యానికి బర్రె ఒక మేత నెమరేసి ఉంటుంది. కథంతా నాకు తెలుసు. దగ్గు సంగతి కూడా తెలుసు. అయినా గూడ్సుబండి వచ్చి, పిల్ల వెనక ఎవరో రెండుసార్లు దగ్గిన చోటికి చేరేసరికి నా నోరు ఆగలేదు.

"ఎనుకకు సూడవే," అన్నాను గట్టిగా.

బర్రె తల తిప్పి చూసింది. పిల్ల చూడలేదు.